సిగరెట్ బంకు దగ్గర లేని సిగ్గు

(ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం నాడు ఒంగోలులో విశ్రాంత ఉద్యోగుల సభలో ఒక మానసిక వైద్యురాలు చేసిన ప్రసంగం. సభికులు అడిగిన కొన్ని ప్రశ్నలు, వాటి జవాబులు చివర ఉన్నాయి.)

పెద్దలందరికీ నమస్కారం.

ఒంగోలులో నిలబడి పొగాకు గురించి మాట్లాడటం కాస్త ఇబ్బందే. ఈ హాల్లో కూర్చున్న చాలామంది ఇళ్లల్లో పిల్లల ఫీజులు, ఆడపిల్లల పెళ్లిళ్లు పొగాకు ఆరబెట్టే బ్యారన్ మీద వచ్చిన డబ్బుతోనే జరిగి ఉంటాయి. వేలంలో రేటు పడిపోతే ఈ జిల్లాలో ఎంతమందికి నిద్ర పట్టదో నాకు బాగా తెలుసు, ఆ నిద్ర పట్టనివాళ్లంతా చివరికి మా దగ్గరికే వస్తారు కాబట్టి. (నవ్వులు) అందుకని పండించేవాళ్లను నేనేమీ అనబోను. పొగ తాగకూడదని చెప్పడానికి కూడా రాలేదు. ఆ మాట 2016 నుంచి ప్యాకెట్ మీద 85 శాతం జాగాలో బొమ్మతో సహా వేస్తున్నారు. అంతకంటే గట్టిగా నేను చెప్పలేను.

నేను మాట్లాడదలుచుకున్నది మానేసిన తర్వాతి సంగతి. మే 31 వస్తే అందరం "మానెయ్యండి, మానెయ్యండి" అంటాం. మానేశాక ఆ మనిషి ఎలా ఉన్నాడని అడిగేవాళ్లు మాత్రం కనపడరు.

మా దగ్గరికి వచ్చే ఇల్లాళ్లలో కొందరు చెప్పే మాట ఒకే తీరుగా ఉంటుంది. "మేడమ్, గుండె డాక్టరు చెప్పారని ఈయన సిగరెట్లు మానేశారు. దేవుడికి దండం పెట్టుకున్నాం. కానీ అప్పట్నుంచీ ఇంట్లో మాటాపలుకూ లేదు. అన్నం దగ్గర కూర్చుంటే కంచం వైపు చూస్తూ ఉండిపోతారు. మనవడు దగ్గరికొస్తే విసుక్కుంటారు. నిన్న టీవీలో ఏదో వస్తుంటే కళ్లనీళ్లు పెట్టుకున్నారు, ఆయన ఏడవడం నేను ఎప్పుడూ చూడలేదు. రోజుకు రెండో మూడో తాగినా ఫర్వాలేదని చెప్పండి మేడమ్." ఆవిడ పక్కనే ఆయన కూర్చుని ఉంటాడు, తలకొట్టేసినట్టు. నేను ఆయన్ని అడిగితే వచ్చే జవాబు కూడా దాదాపు ఒకటే: "నాకేం కాలేదండీ. విల్ పవర్ తక్కువైంది, అంతే."

విల్ పవర్ తక్కువైతే మానేసి నెల రోజులు ఎలా ఉన్నాడండీ? ఆ ప్రశ్న ఆయనకు తట్టదు. మనకూ తట్టదు.

ఇక్కడ శరీరంలో ఏం జరుగుతోందో కొంచెం వివరంగా చెబుతాను, ఓపిక పట్టండి. పొగ పీల్చిన పది ఇరవై సెకన్లలో నికోటిన్ మెదడుకు చేరిపోతుంది. అక్కడ నరాల కణాల మీద రిసెప్టర్లు, అంటే రసాయనాలు వచ్చి అతుక్కునే చోట్లు, ఉంటాయి. నిజానికి అవి మన శరీరంలోనే తయారయ్యే ఎసిటైల్‌కోలిన్ అనే పదార్థం కోసం ఉన్నవి. నికోటిన్ వెళ్లి వాటిని పట్టుకుంటుంది, డోపమిన్ అనే రసాయనం విడుదలవుతుంది, హాయిగా ఉంటుంది. రోజూ ఇలా జరుగుతుంటే మెదడు ఆ రిసెప్టర్ల సంఖ్య పెంచుకుంటుంది. ఇక రక్తంలో నికోటిన్ రెండు గంటలకే సగానికి పడిపోతుంది. అది పడేకొద్దీ లోపల ఏదో వెలితి, చిరాకు. సిగరెట్ వెలిగించగానే ఆ చిరాకు తగ్గుతుంది. దాన్నే మనవాళ్లు "టెన్షన్‌గా ఉంటే ఒక దమ్ము కొడితే రిలీఫ్ అండీ" అంటారు. తేలు చేత కుట్టించిందీ అదే, మంత్రం వేసి నొప్పి దించిందీ అదే. కానీ మనకు గుర్తుండేది మంత్రం ఒక్కటే.

ఇంతవరకూ చాలామందికి తెలిసిందే. తెలియంది ఇంకొకటి ఉంది. నాకైతే ఈ కథలో అన్నిటికంటే ఆసక్తికరమైన భాగం ఇదే.

మెదడులో డోపమిన్, సెరటోనిన్ లాంటి రసాయనాల పని అయిపోయాక వాటిని విరగ్గొట్టి శుభ్రం చేసే ఎంజైము ఒకటుంది, మోనో అమీన్ ఆక్సిడేజ్. 1996లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ ప్రయోగశాలలో జోవానా ఫౌలర్ బృందం పొగతాగేవాళ్ల మెదళ్లను స్కాన్ చేసి చూసింది. అందులో ఒక రకం ఎంజైము, 'బి' రకం, పొగతాగనివాళ్ల కంటే సుమారు 40 శాతం తక్కువగా ఉంది. ఈ పని చేసేది నికోటిన్ కాదు, పొగలోని వేరే పదార్థాలు. ఎంజైము తగ్గితే డోపమిన్ కొంచెం ఎక్కువసేపు నిలుస్తుంది.

ఇప్పుడు అక్కడి నుంచి ఇంకో నలభై నాలుగేళ్లు వెనక్కి వెళ్దాం. 1952 ప్రాంతంలో న్యూయార్క్‌లోని సీ వ్యూ ఆసుపత్రిలో క్షయ రోగులకు కొత్త మందులు ఇచ్చి చూస్తున్నారు. వాటిలో ఒకటి ఇప్రోనియజిడ్. మంచం పట్టి చావు కోసం ఎదురుచూస్తున్నవాళ్లు లేచి తిరగడం, నవ్వడం, ఆకలని అడగడం మొదలుపెట్టారు. ఊపిరితిత్తులు ఇంకా బాగుపడకముందే మనుషులు హుషారయ్యారు. ఆ మందును డిప్రెషన్‌కు వాడవచ్చని 1957లో నేథన్ క్లైన్ అనే సైకియాట్రిస్టు చూపించాడు. డిప్రెషన్‌కు వచ్చిన తొలి మందుల్లో అదొకటి. అది పని చేసే తీరేమిటంటే, సరిగ్గా ఇందాక చెప్పిన ఆ ఎంజైమును ఆపడమే.

అంటే ఇరవై ముప్ఫయ్యేళ్లు సిగరెట్ తాగిన మనిషి తనకు తెలియకుండానే మనసు మీద పనిచేసే మందును కొద్ది కొద్దిగా రోజూ తీసుకుంటున్నాడు. డోసు తెలియదు, చీటీ లేదు, దాంతోపాటు తారు, కార్బన్ మోనాక్సైడు ఉచితం. ఒకరోజు ఉదయం మొత్తం ఒక్కసారిగా ఆపేశాడు. దిగులు రాకపోతేనే ఆశ్చర్యపోవాలి.

దీన్నిబట్టి సిగరెట్ డిప్రెషన్‌కు మంచిదని ఇంటికెళ్లి చెప్పకండి, దయచేసి. (నవ్వులు) దాని సంగతి వస్తాను.

అంతకంటే ముందు టీ గురించి ఒక మాట. పొగలో ఉండే కొన్ని పదార్థాలు మన లివర్‌లో ఒక ఎంజైమును రెచ్చగొడతాయి. ఆ ఎంజైమే టీ, కాఫీల్లోని కెఫీన్‌ను బయటికి పంపేది. అందుకే సిగరెట్ తాగేవాళ్లు ఎన్ని టీలు తాగినా తట్టుకుంటారు. మానేసిన కొద్ది రోజులకే ఆ ఎంజైము మామూలు స్థాయికి దిగిపోతుంది. కెఫీన్ రక్తంలో దాదాపు రెట్టింపు దాకా నిలబడిపోవచ్చు. మనవాళ్లేమో సిగరెట్ లేదు కదా అని ఇంకో టీ చెప్తారు. గుండె దడ, చేతి వణుకు, రాత్రి పన్నెండింటికి కళ్లు తెరుచుకుని పడుకోవడం. ఇదంతా సిగరెట్ లేకపోవడం వల్లే అనుకుని మళ్లీ బంకు దగ్గరికి వెళతారు. సిగరెట్ మానిన వారం నుంచి టీ, కాఫీ సగానికి తగ్గించండి. ఇది డబ్బు ఖర్చు లేని వైద్యం, చెప్పేవాళ్లే తక్కువ.

సరే, దిగులు విషయం. పొగాకు మానేశాక వచ్చే లక్షణాల జాబితా మా పుస్తకాల్లో ఉంది. కోపం, ఆందోళన, మనసు నిలవకపోవడం, ఆకలి పెరగడం, కాలుగాలిన పిల్లిలా తిరగడం, నిద్ర పట్టకపోవడం, దిగులు. అవును, దిగులు ఆ జాబితాలోనే ఉంది. ఒక రోజులోపే మొదలవుతుంది, మొదటి వారంలో బాగా ఎక్కువగా ఉంటుంది, రెండు నుంచి నాలుగు వారాల్లో తగ్గుముఖం పడుతుంది. పెరిగిన ఆ రిసెప్టర్లు మామూలు సంఖ్యకు రావడానికి ఇంకొన్ని వారాలు పడుతుంది. ఇంట్లోవాళ్లకు ఈ లెక్క ముందే తెలిస్తే సగం గొడవలు ఉండవు. "ఈయన మారిపోయారు" అని ఏడవక్కర్లేదు, "ఈ పది రోజులు ఇంతే" అని సర్దుకుపోవచ్చు. వీలైతే కూతురి పెళ్లి పనులో, పొలం రిజిస్ట్రేషనో ఆ వారంలో పెట్టుకోకుండా ఉండటం మంచిది.

మరి తర్వాత? 2014లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 26 అధ్యయనాలను కలిపి చూసిన పరిశీలన ఒకటి వచ్చింది. మానేసినవాళ్లలో కొన్ని వారాలు దాటాక ఆందోళన, దిగులు, ఒత్తిడి, మూడూ తగ్గాయి. మానకుండా తాగుతూ ఉన్నవాళ్లలో అంత మార్పు లేదు. ఆ తగ్గుదల డిప్రెషన్ మందులు ఇచ్చే మేలుకు తక్కువేమీ కాదు. అంతకుముందే మానసిక సమస్యలు ఉన్నవాళ్లలోనూ అంతే కనిపించింది. ఇందాక నేను దాటేసిన మాట ఇదే. సిగరెట్ మనసుకు సాయం చేస్తుందన్నది తాగుతున్నవాడి అనుభవం. మానేసి కొన్ని నెలలు నిలబడినవాళ్ల అనుభవం వేరు.

ఇది సగటు మనిషి సంగతి. సగటు మనిషి నా క్లినిక్‌కు రాడు. నా దగ్గరికి వచ్చేది ఆ సగటుకు అటు పక్కన మిగిలిపోయినవాళ్లు. ముఖ్యంగా అంతకుముందు ఒకసారి డిప్రెషన్ వచ్చి తగ్గినవాళ్లు. అలాంటివాళ్లు సిగరెట్ మానిన తర్వాతి ఆరు నెలల్లో జబ్బు తిరగబెట్టే అవకాశం, మానకుండా ఉన్నవాళ్ల కంటే బాగా ఎక్కువని 2001లో లాన్సెట్ పత్రికలో గ్లాస్‌మన్ బృందం రాసింది. అది చిన్న అధ్యయనమే. తర్వాతి పరిశీలనలు అన్నీ దాన్ని బలపరచలేదు. అయినా ఆ ఆరు నెలలు ఒక కన్నేసి ఉంచడం వల్ల పోయేదేమీ లేదు కదా.

గుర్తుపట్టడం ఎలా అంటారా? నేను ఇంట్లోవాళ్లకు చెప్పే గుర్తు ఒకటే. మూడో వారం మొదటి వారం కంటే తేలికగా ఉండాలి. అలా కాకుండా రోజురోజుకీ కిందికి పోతుంటే, రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులుగా ఉంటే, ఇష్టమైన పని మీద కూడా ఇష్టం పోతే, "నేను ఎందుకూ పనికిరాను, మీకు భారం" అనే మాటలు వస్తుంటే, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేస్తుంటే అది పొగాకు తాలూకు చిరాకు కాదు, డిప్రెషన్. చచ్చిపోవాలనిపిస్తోందని ఒక్కసారి అన్నా ఆ రోజే డాక్టరు దగ్గరికి తీసుకురండి. "ఊరికే అంటున్నార్లే" అనుకోవద్దు.

ఇక్కడి నుంచి నాకు కొంచెం కోపం వచ్చే విషయాలు చెబుతాను.

మన సమాజానికి పొగతాగేవాడి మీద ఒక తీర్పు ముందే సిద్ధంగా ఉంది. చేసుకున్నవాడికి చేసుకున్నంత. ఊపిరితిత్తుల జబ్బు వచ్చిందంటే మొదటి ప్రశ్న "సిగరెట్ తాగేవాడా?" అవునంటే జాలి అక్కడితో ఆగిపోతుంది. షుగర్ వచ్చినవాడిని "స్వీట్లు తిన్నావుగా, అనుభవించు" అని మొహం మీదే అనం. పొగతాగేవాడిని అనేస్తాం. ఈ తీర్పు కూడా అందరికీ సమానం కాదు. ఆఫీసరు సిగరెట్ తాగితే స్టైలు, కూలివాడు బీడీ తాగితే చెడు అలవాటు. అదే బీడీ చుట్టడానికి నిజామాబాద్, జగిత్యాల వైపు ఆడవాళ్లు రోజంతా చేటలు ఒళ్లో పెట్టుకుని వంగి కూర్చుంటారు, ఆ ఆకు ధూళి పీల్చేది వాళ్లు. శ్రీకాకుళం, విశాఖ పల్లెల్లో పెద్దవయసు ఆడవాళ్లు నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని చుట్ట తాగడం ఎప్పట్నుంచో ఉంది. దాని వల్ల అంగుటికి క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు రాసి కూడా యాభై ఏళ్లు దాటింది. వాళ్లను ఎవరూ తప్పుపట్టరు, ఎవరూ పట్టించుకోరు కూడా. అదే పట్నంలో ఇరవై అయిదేళ్ల అమ్మాయి చేతిలో సిగరెట్ కనిపిస్తే అపార్ట్‌మెంట్ అంతా మాట్లాడుతుంది. ఆ అమ్మాయి మానడానికి సాయం కావాలని నోరు తెరిచి అడగ్గలదా?

ఇంకొకటి గుర్తు చేసుకోండి. 1996 క్రికెట్ ప్రపంచ కప్పు పేరేమిటి? విల్స్ వరల్డ్ కప్. మన ఇళ్లల్లో పిల్లలంతా టీవీ ముందు కూర్చుని సిగరెట్ పేరు జపించారు. ప్రకటనలకు అడ్డుకట్ట వేసిన చట్టం 2003లో గానీ రాలేదు. ఆ ప్రపంచ కప్పు నాటికి పదిహేను ఇరవై ఏళ్లున్న కుర్రాళ్లకు ఇప్పుడు నలభై అయిదు, యాభై. మొదటి స్టెంట్ వేయించుకునే వయసు. అమ్మిందీ మనమే, చూపించిందీ మనమే, పన్ను వసూలు చేసుకుందీ మనమే. చివరికి నీకు విల్ పవర్ లేదనేదీ మనమే.

సాయం లేకుండా సొంతంగా మానడానికి ప్రయత్నించినవాళ్లలో ఏడాది తర్వాత నిలబడేది నూటికి ముగ్గురు నుంచి అయిదుగురు. తొంభై అయిదు మందికి గుణం లేదని అంటామా? అంత మందికి సాధ్యం కానిదాన్ని గుణం లెక్కలో వేయడం అన్యాయం అంటాను నేను.

సరే, ఆయన మానేశాడు, డిప్రెషన్ వచ్చింది, ఎలాగో మా దగ్గరికి వచ్చాడు. ఎలాగో అని ఎందుకన్నానంటే, మా దగ్గరికి రావడానికి ముందు మూడు నాలుగు మజిలీలు ఉంటాయి. మొదట ఆర్‌ఎంపీ దగ్గర బలం ఇంజక్షన్. తర్వాత గ్యాస్ ట్రబుల్ మందు. తర్వాత గుండె పరీక్షలు. ఆ తర్వాత "నరాల డాక్టరు". బోర్డు మీద సైకియాట్రిస్టు అని ఉన్నా ఇంట్లో మాత్రం నరాల డాక్టరు దగ్గరికి వెళ్లామనే చెప్పుకుంటారు. హైదరాబాదులో ఎర్రగడ్డ అన్న ఊరి పేరునే తిట్టుగా వాడుకున్నాం, అక్కడ ఎంతమంది నయమై ఇంటికి వెళ్లారో మాట్లాడుకోం. 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ సర్వేలో, డిప్రెషన్ ఉన్నవాళ్లలో నూటికి 85 మందికి చికిత్సే అందడం లేదని తేలింది. అందులో డాక్టర్లు లేకపోవడం సగం కారణమైతే, ఉన్న డాక్టరు దగ్గరికి వెళితే ఎవరైనా చూస్తారన్న భయం మిగతా సగం అని నా అనుకోలు.

నేను మందు రాస్తే ఆయన మొదట అడిగేది: "అలవాటు పడిపోతామేమోనండీ?"

ముప్ఫయ్యేళ్లు రోజుకో ప్యాకెట్ కాల్చిన మనిషి అడిగే ప్రశ్న ఇది! (నవ్వులు) నవ్వు వస్తుంది గానీ ఆ భయానికి ఒక మూలం ఉంది, దాన్ని కొట్టిపారేయను. మన మందుల షాపుల్లో చీటీ లేకుండా నిద్రమాత్రలు దొరికాయి, ఇంకా అక్కడక్కడా దొరుకుతున్నాయి. అల్‌ప్రాజొలామ్ లాంటివి. అవి నిజంగానే అలవాటు పడతాయి. వాటిని ఏళ్ల తరబడి మింగి మానలేక బాధపడినవాళ్లను ప్రతి ఊళ్లో చూశారు. జనం ఆ భయాన్ని తీసుకొచ్చి అన్ని మానసిక మందులకూ అంటించారు. డిప్రెషన్‌కు మేం ఎక్కువగా వాడే ఫ్లూక్సెటిన్, సెర్ట్రాలిన్, ఎస్సిటాలోప్రామ్ ఆ జాతివి కావు. వాటికోసం ఒళ్లు లాగదు, డోసు పెంచుకుంటూ పోవాలనిపించదు. అయితే హఠాత్తుగా ఆపితే కొందరికి తల తిరగడం, చిరాకు, కరెంటు షాక్ కొట్టినట్టు అనిపించడం ఉంటుంది. అందుకే మెల్లగా తగ్గించి ఆపాలి. ఈ సంగతి ముందే చెప్పని డాక్టరు మీద మీరు కోప్పడవచ్చు.

మందుల గురించి పొగడ్తలు కూడా ఎక్కువ చెప్పను. "సెరటోనిన్ తగ్గింది, ఈ మాత్ర వేస్తే నిండుతుంది" అని చెప్పడం డాక్టర్లకు సులువు, వినేవాళ్లకు హాయి. అసలు సంగతి అంత సరళం కాదు. 2018లో 522 ప్రయోగాలను, 21 రకాల మందులను కలిపి లాన్సెట్‌లో ఒక పెద్ద పరిశీలన వచ్చింది. అన్నీ మందు లేని ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా పనిచేశాయి, కానీ ఆ తేడా సగటున ఓ మాదిరిదే. జబ్బు ముదిరినకొద్దీ ఉపయోగం బాగా కనిపిస్తుంది. పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదటి వారం వికారం, కడుపులో తిప్పడం ఉండవచ్చు. పాతికేళ్ల లోపు పిల్లలకు ఇస్తే మొదటి వారాల్లో ఇంట్లోవాళ్లు దగ్గరుండి గమనించాలి. కొందరు మగవాళ్లకు దాంపత్య విషయంలో ఇబ్బంది వస్తుంది. ఇది పెద్దల సభ కాబట్టి దాచకుండా చెబుతున్నా. చాలామంది ఆ ఒక్క కారణానికి మందు చెప్పకుండా ఆపేస్తారు, అడిగితే "తగ్గిపోయిందండీ" అంటారు. చెబితే మందు మార్చే వీలుంది. తగ్గాక కూడా కనీసం ఆరు నుంచి తొమ్మిది నెలలు వాడాలి. బాగుంది కదా అని రెండో నెలలో ఆపేస్తే తిరగబెడుతుంది.

ఇప్పుడు ఒక మందు కథ చెప్పి ముగింపుకు వస్తాను. బ్యుప్రోపియాన్ అని ఉంది. 1985లో అమెరికాలో డిప్రెషన్ మందుగా అనుమతి పొందింది. కొందరికి ఫిట్స్ వచ్చాయని వెనక్కి తీసుకున్నారు, డోసు తగ్గించి 1989లో మళ్లీ తెచ్చారు. కాలిఫోర్నియాలో మాజీ సైనికుల ఆసుపత్రిలో లిండా ఫెర్రీ అనే డాక్టరు దీన్ని సిగరెట్ మానడానికి వాడి చూశారు. పనిచేసింది. డిప్రెషన్ లేనివాళ్లకు కూడా పనిచేసింది. 1997లో సిగరెట్ మానడానికి వేరే అనుమతి వచ్చింది, దాంతోపాటు వేరే పేరూ వచ్చింది. డిప్రెషన్‌కు వెల్‌బ్యుట్రిన్, సిగరెట్‌కు జైబాన్. మాత్ర అదే, కంపెనీ అదే. ఎందుకంటారు? సిగరెట్ మానడానికి మాత్ర వేసుకుంటున్నానని నలుగురిలో చెప్పుకోవచ్చు, డిప్రెషన్ మాత్ర అని చెప్పుకోలేరు. అక్కడ కూడా మనుషులు మనలాంటివాళ్లే. ఫిట్స్ ఉన్నవాళ్లకు ఇది పనికిరాదు. మానాలనుకున్న రోజుకు వారం రెండు వారాల ముందే మొదలుపెట్టాలి.

ఇంకో మందు వరెనిక్లిన్, 2006లో వచ్చింది. దీనివల్ల దిగులు, ఆత్మహత్య ఆలోచనలు వస్తున్నాయని ఫిర్యాదులొస్తే 2009లో అమెరికా అధికారులు దానిమీద పెద్ద హెచ్చరిక వేయించారు. అప్పుడు ఎనిమిది వేలమందికి పైగా మనుషుల మీద, అందులో సగం మానసిక సమస్యలు ఉన్నవాళ్లే, పెద్ద ప్రయోగం జరిపించారు. 2016లో ఫలితం వచ్చింది. ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లతో పోలిస్తే అలాంటి ఇబ్బందులు చెప్పుకోదగ్గంత ఎక్కువ లేవు. అదే ఏడాది చివర ఆ హెచ్చరిక తీసేశారు. మరి మొదట వచ్చిన ఆ ఫిర్యాదులన్నీ? మందు వేసుకున్నా వేసుకోకపోయినా సిగరెట్ మానితే కొందరికి దిగులొస్తుందని ఇందాకటి నుంచీ చెబుతున్నాను కదా, చాలావరకు అదే అయి ఉంటుంది. నింద మాత్రం మాత్ర మీద పడింది.

మా వృత్తి గురించి కూడా ఒక మాట అనకపోతే నిజాయితీగా ఉండదు. మానసిక జబ్బు ఉన్నవాళ్లు సిగరెట్ తాగితే "పాపం, వాళ్లకున్న ఒక్క సుఖం అది, తాగనివ్వండి" అని వదిలేసిన డాక్టర్లం చాలామందిమి ఉన్నాం. తీవ్రమైన మానసిక జబ్బు ఉన్నవాళ్లు మిగతావాళ్ల కంటే పది నుంచి ఇరవై ఏళ్లు ముందే చనిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ చావులు ఎక్కువగా గుండె, ఊపిరితిత్తుల జబ్బులవి, వాటి వెనక పొగాకు ఉంది. జాలి పేరుతో మేం చేసింది నిర్లక్ష్యం. క్లోజపిన్, ఒలాంజపిన్ అనే మానసిక మందులు వాడుతున్నవాళ్లు ఇంట్లో ఎవరైనా ఉంటే ఈ ముక్క రాసుకోండి: వాళ్లు సిగరెట్ మానితే ఆ మందు రక్తంలో పెరుగుతుంది, టీ గురించి చెప్పాను చూడండి, అదే ఎంజైము. మానే ముందే డాక్టరుకు చెబితే డోసు తగ్గిస్తారు.

ప్రశ్నలు ఉంటే అడగండి.

సభికుడు: నికోటిన్ చూయింగ్ గమ్ వాడితే అది కూడా అలవాటే కదా, తేడా ఏముంది?

కొందరికి కొన్నాళ్లు అలవాటవుతుంది, నిజమే. కానీ అందులో పొగ లేదు, తారు లేదు, మెదడుకు సెకన్లలో కాకుండా మెల్లగా చేరుతుంది. నెలల్లో తగ్గించుకుంటూ రావచ్చు. అయితే చూయింగ్ గమ్ అని నమలకండి. కాస్త కొరికి, నోరు చురుక్కుమనగానే చిగురుకు బుగ్గకు మధ్య పెట్టుకోవాలి. గబగబా నమిలి మింగితే వెక్కిళ్లు, కడుపులో మంట వచ్చి "ఇది నాకు పడలేదు" అని పారేస్తారు. ఈ-సిగరెట్ అడగబోతున్నారేమో, అది మన దేశంలో 2019 నుంచి నిషేధం.

సభికురాలు: మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడమ్మా. డిప్రెషన్ మందు వాడుతున్నాడు. ముందు అది తగ్గాక సిగరెట్ మానమందామా, ఇప్పుడే మానమందామా?

ఇప్పుడు పూర్తిగా కిందపడి ఉంటే కాస్త నిలదొక్కుకోనివ్వండి. మందు పనిచేసి కొంచెం నిలకడ వచ్చాక మానవచ్చు, జబ్బు మొత్తం పోయేదాకా ఆగక్కర్లేదు. అక్కడి డాక్టరుతో కలిసి తేదీ పెట్టుకోమనండి. మీరు ఫోన్ చేసినప్పుడల్లా "మానేశావా, మానేశావా" అని మాత్రం అడక్కండమ్మా. అన్నం తిన్నావా, ఎంతసేపు నిద్రపోయావు, ఇవి అడగండి. మీకు జవాబు దాంట్లోనే దొరుకుతుంది.

సభికుడు: ఒంగోలు దాకా రాలేని పల్లెటూళ్లవాళ్లు ఏం చేయాలి?

ఫోన్లు ఉన్నాయి. పొగాకు మానడానికి 1800 11 2356, మనసు బాగాలేకపోతే టెలీ మానస్ 14416. రెండూ ఉచితం, తెలుగులో మాట్లాడే ఏర్పాటు ఉంది. పేరు చెప్పడానికి సిగ్గుపడేవాళ్లకు ఫోనే నయం.

సభికుడు: మా తమ్ముడి కొడుకు సంబంధం గురించి అడుగుతున్నానండీ. సిగరెట్ మానేశాక వాడికి దిగులొస్తే మీలాంటి డాక్టరే మాత్రలు రాశారు. పిల్ల తరఫువాళ్లకు చెప్పాలా, వద్దా?

అబ్బాయి సిగరెట్ తాగేవాడని చెప్పారా?

సభికుడు: అది ఎవరూ అడగరు కదండీ. (నవ్వులు)

చూశారా. పదేళ్లు తాగింది అడగరు, ఆరు నెలల మాత్రల గురించి భయం. రెండూ చెప్పండి. అయితే చెప్పాల్సింది మీరు కాదు, వాడు. ముందు వాడు ఆ అమ్మాయితో విడిగా మాట్లాడాలి. మాత్ర పేరేమిటో, ఎందుకు వేసుకుంటున్నాడో, ఎప్పటిదాకా వేసుకోవాలో చెప్పాలి. వాళ్లకు ఇంకా అనుమానం ఉంటే, వాడు ఒప్పుకుంటే, అమ్మాయినీ వాళ్ల నాన్నగారినీ ఆ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి. మందులు రాసే డాక్టరు అలాంటి ప్రశ్నలకు జవాబు చెప్పడం మా పనిలో భాగమే. ఇంకెవరైనా ఉన్నారా? వెనక వరసలో చెయ్యి ఎత్తినవారు... ఆ, టీలు వచ్చాయంటున్నారా? సరే అయితే, బయట మాట్లాడుకుందాం.